ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్‌కు ఏ దీవి? గోదావరి డెల్టా నుంచి బయలుదేరేవారికి ఒక పోలిక

కాలువ గట్టు మీద బెండు గాలంతో మొదలుపెట్టి, ఆనక రీలు కట్టిన రాడ్‌కు అలవాటుపడి, ఇప్పుడు ఫ్లై రాడ్ పట్టుకున్నవారు కోనసీమలోనూ భీమవరం వైపునా ఒకరిద్దరైనా కనిపిస్తున్నారు. రొయ్యల పంట కలిసి వచ్చిన ఏడాది వీరు అడిగే ప్రశ్న సాధారణంగా ఒకటే: మాల్దీవులకు వెళ్లడం మంచిదా, సీషెల్స్‌కు వెళ్లడం మంచిదా? ప్రశ్నలో తప్పు లేదు గాని, వరుస తలకిందులైంది. ముందు ఏ చేప కోసం వెళ్తున్నామో తేల్చుకోవాలి. ఆ చేప మన చేతికీ కంటికీ కాలికీ తగినదేనా అని చూసుకోవాలి. దీవి పేరు ఆ తరువాత, తిథి ఆ తరువాత, ఖర్చు లెక్క చిట్టచివర రావాలి. ఈ వరుస తప్పి, విమానం టికెట్ చవకగా దొరికిందని వెళ్లినవారు వారం రోజులు ఎండలో నిలబడి, చేపను ఒక్కసారైనా సరిగా చూడకుండా తిరిగి రావడం కద్దు.

ఈ వేట తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మామూలు గాలంలో సీసపు గుండు బరువుకు తాడు సాగిపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలు, వెంట్రుకలు, దారంతో కొక్కేనికి కట్టిన తేలికపాటి బొమ్మ. దానికి బరువు లేదు కాబట్టి లావుపాటి లైనుకే బరువు పెట్టి, దానిని గాలిలో వెనక్కూ ముందుకూ ఊపి విసురుతారు. ఏ లైను బరువుకు ఏ రాడ్ అన్నది అంకెలతో చెబుతారు: 8వ నంబరు, 10వ నంబరు, 12వ నంబరు అని. పగడపు దీవుల చుట్టూ పోటుకు మునిగి పాటుకు తేలే ఇసుక మేటలను ఫ్లాట్స్ అంటారు. మోకాలి లోతు నీటిలో గైడ్ వెంట నడుస్తూ, చేపను ముందుగా కంటితో చూసి, అది వెళ్లే దారిలో ఎర వేయడమే అక్కడి వేట. గాలం వేసి గట్టున కూర్చుని ఎదురుచూసే ఓపిక ఇక్కడ అక్కరకు రాదు. చూసే ఓపిక కావాలి.

ముందు చేప సంగతి

నా దృష్టిలో మొదటి యాత్రకు సరైన చేప బోన్‌ఫిష్ ఒక్కటే. సాధారణంగా కిలో, రెండు కిలోల బరువుండే ఈ చేప ఒంటి మీది పొలుసులు అద్దంలా కింది ఇసుకను చూపిస్తాయి. అందువల్ల నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చేపకంటే ముందు దాని నీడ కనిపిస్తుంది. నోరు కింది వైపున ఉండి, ఇసుకలోని చిన్న పీతలను, రొయ్యలను పెకలించుకుని తింటుంది. బెత్తెడు నీటిలో అలా తల కిందికి పెట్టి తింటున్నప్పుడు తోక కొన నీటిపైకి వచ్చి మెరుస్తుంది. దానికి ఆరేడు అడుగుల ముందు ఎర పడాలి, మునగనివ్వాలి, చేప దగ్గరకు రాగానే ఎడమచేత్తో లైనును జానెడు, జానెడు లాగాలి. చేప ఎరను పట్టిందని తెలిసిన క్షణంలో మన అలవాటు మనకు అడ్డం వస్తుంది. బెండు మునగగానే గాలాన్ని పైకి గుంజడం శీలావతికీ బొచ్చెకూ సరిపోయింది గాని, ఇక్కడ రాడ్ పైకెత్తితే ఎర చేప నోటి ముందు నుంచి ఎగిరిపోతుంది. రాడ్ కొనను నీటి వైపే ఉంచి, ఎడమచేత్తో లైనును బిగువుగా ఒక్క లాగు లాగాలి. ఆ వెంటనే చేప ఒక్క పరుగున వంద గజాలు పోగలదు. 8వ నంబరు రాడ్, సుమారు 16 పౌండ్ల బరువు ఆపే లీడర్ (లైనుకూ ఎరకూ నడుమ కట్టే సన్నని దారం) ఈ చేపకు చాలు. ఎదురుగాలిలో 15 మీటర్ల దూరం, రెండు ఊపుల్లో, చెప్పిన చోట వేయగలిగితే చేయి సిద్ధమైనట్టే.

చాలామంది బోన్‌ఫిష్ చిన్నదని చులకన చేసి, జెయింట్ ట్రెవలీ కోసం వెళ్తామంటారు. వేటగాళ్ల నోట జీటీగా పిలవబడే ఈ చేప మన తీరంలో దొరికే పార చేపల కుటుంబానిదే. మొత్తం మీద నమోదైన రికార్డు 2006లో జపాన్‌లో పట్టిన 72.8 కిలోల చేపది. ఫ్లై మీద పడేవి అంతకంటే చాలా చిన్నవే అయినా, మీటరు పొడవున్న జీటీ కూడా పగడాల మీదుగా పరుగెత్తి లావుపాటి లైనును కోసేయగలదు. అందుకే 12వ నంబరు రాడ్, 100 నుంచి 130 పౌండ్ల లీడర్, జానెడు పొడవుండే ఎర వాడతారు. అది అలల నురుగులోనో, టేకు చేప వీపు మీదో, సొర వెనుకనో హఠాత్తుగా కనిపిస్తుంది. కనిపించిన నాలుగైదు క్షణాల్లో 20 మీటర్ల దూరం ఆ పెద్ద ఎరను విసరాలి. రోజంతా ఆ బరువు రాడ్ మోసుకుని నడిచినా రెండు మూడు అవకాశాలే రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. చేయి కుదరనివారికి ఇది యాత్ర చేయదగిన చేప కాదని మొహమాటం లేకుండా చెప్పాలి. వీడియోల్లో చూసిన ఎగురుడు, దూకుడు చూసి డబ్బు కట్టేవారే ఎక్కువ.

ఈ రెండింటి నడుమ ట్రిగ్గర్‌ఫిష్ ఉంది. పగడాలను కొరికే పళ్లతో ఎరను చీల్చేసి, కొక్కెం పడగానే ఏదో ఒక బొరియలో దూరుతుంది. కోపం తెప్పించే చేపే గాని ఒకసారి దాని వెంట పడినవారు మళ్లీ వదలరు. ఇండో పసిఫిక్ పర్మిట్ మరీ అనుమానపు చేప. ఇక మిల్క్‌ఫిష్ మనకు కొత్తది కాదు, ఉప్పునీటి చెరువుల్లో తిరిగే పాలబొంతే. అది నాచు తినే చేప కావడంతో, ఆకుపచ్చని నాచు ముక్కలా కట్టిన ఎరతో పట్టే పద్ధతి సీషెల్స్‌లోని అల్ఫాన్స్ చుట్టుపక్కల బాగా పేరు పొందింది. చెరువు గట్టున దాని ధర మాత్రమే తెలిసినవారికి, అక్కడ దాని పరుగు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

కిరిటిమాటి: చేయి దిద్దుకునే చోటు

పసిఫిక్ నడిబొడ్డున భూమధ్యరేఖకు కొంచెం ఉత్తరాన ఉన్న కిరిటిమాటి కిరిబాటి దేశానికి చెందినది. నేల విస్తీర్ణం లెక్కలో ప్రపంచంలోకెల్లా పెద్ద అటాల్ (నడుమ లాగూన్ అనే ఉప్పునీటి మడుగును చుట్టిన పగడపు దీవి) ఇదే, సుమారు 388 చదరపు కిలోమీటర్లు. 1777 డిసెంబరులో క్రిస్మస్ ముందు రోజున కెప్టెన్ కుక్ ఇక్కడకు చేరడం వల్ల క్రిస్మస్ ఐలాండ్ అనే పేరు కూడా ఉంది. అయితే హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియా ఏలుబడిలో అదే పేరుతో మరో దీవి ఉంది కాబట్టి టికెట్ కొనేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఊళ్ల పేర్లు లండన్, పోలండ్, బనానా. 1957, 1958లో బ్రిటన్ ఇక్కడ హైడ్రోజన్ బాంబులు పరీక్షించింది. అంతటి చరిత్ర ఉన్న దీవి ఇప్పుడు కొబ్బరి తోటలతో, విశాలమైన లాగూన్‌తో బతుకుతోంది.

దీని బలమంతా ఫ్లాట్ల సంఖ్యలో ఉంది. లాగూన్ లోపల గట్టి ఇసుక మేటలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. మన మడ అడవుల బురదలో దిగబడినట్టు ఇక్కడ దిగబడదు. అరవై ఏళ్లు దాటిన మనిషి కూడా నిదానంగా నడవగలడు. ఆటుపోట్ల మధ్య తేడా మీటరుకు అటూ ఇటూగా ఉండడం వల్ల రోజులో ఎక్కువసేపు ఎక్కడో ఒకచోట వేటకు తగిన నీరు దొరుకుతుంది. బోన్‌ఫిష్ సమృద్ధిగా ఉండడంతో ఒక చేప తప్పిపోయినా పది నిమిషాల్లో మరొకటి కనిపించే అవకాశం ఉంది. చేయి దిద్దుకునేవారికి కావలసింది ఇదే: ఒకే పొరపాటును పదే పదే చేసి, అదే పూట సరిచేసుకునే వీలు. అది సీషెల్స్‌లో డబ్బు పోసినా ఇంత తేలికగా దొరకదు. పీతలా, రొయ్యలా కనిపించే గోచా, క్రేజీ చార్లీ అనే చిన్న ఎరలు ఇక్కడ చెల్లుతాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: చీలమండ లోతు నీటికి పూసల గొలుసు కళ్లు కట్టిన తేలికపాటివి, తొడ లోతుకు సీసపు కళ్లు కట్టినవి విడివిడిగా పెట్టుకోవాలి. బరువైన ఎర పలుచని నీటిలో టప్పున పడితే చేప బెదిరి పారిపోతుంది.

బలహీనత దారి. రాజమహేంద్రవరం నుంచి చెన్నై లేదా హైదరాబాదు, అక్కడి నుంచి సింగపూర్, సింగపూర్ నుంచి ఫిజీలోని నాండి (Nadi), నాండి నుంచి కిరిటిమాటి: ఇది కాస్త తేలికైన దారి. చివరి మెట్టు విమానాలు వారానికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఒకటి తప్పితే వారం ఆగవలసి రావచ్చు. హొనొలులు మీదుగా వెళ్లాలంటే అమెరికా వీసా ఉండాలి. హొనొలులుకూ కిరిటిమాటికీ గడియారంలో సమయం ఒకటే, తేదీలో మాత్రం ఒక రోజు తేడా. ఈ లెక్క తప్పి బస తేదీలు తారుమారు చేసుకునే ప్రమాదం ఉంది. లాడ్జీలు సాదాసీదావి. కూరగాయలు అరుదు, అన్నం దొరుకుతుంది. ఊరగాయ సీసా సీలు వేసి సంచిలో పెట్టుకోవడం మరువకూడదు. పసిఫిక్ నీరు మామూలుకంటే వేడెక్కే ఎల్ నినో ఏడాదుల్లో ఇక్కడ వానలు విపరీతంగా పడతాయి. 2015, 2016లలో వేడెక్కిన నీటి వల్ల చుట్టూ ఉన్న పగడాలలో అధికభాగం చచ్చిపోయింది. ఫ్లాట్ల మీది బోన్‌ఫిష్ వేటకు వచ్చిన నష్టం అంత పెద్దది కాకపోయినా, ఎల్ నినో హెచ్చరిక ఉన్న ఏడాది తేదీ వాయిదా వేసుకోవడం మంచిది.

సీషెల్స్: డబ్బు ఉండి, చేయి కుదిరిన తరువాత

సీషెల్స్ అనగానే మాహే, ప్రాలిన్ దీవుల ఫొటోలు గుర్తుకు వస్తాయి. నల్లరాతి బండలు, తెల్లని ఇసుక అందంగానే ఉంటాయి గాని అవి గ్రానైట్ దీవులు. ఫ్లై వేటకు చెప్పుకోదగ్గ ఫ్లాట్లు అక్కడ లేవు. భార్యతో విహారానికి మాహే వెళ్తూ, రాడ్ కూడా తీసుకువెళ్తే సరిపోతుందనుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. వేట ఉన్నది బయటి అటాల్‌లలో. మాహేకు నైరుతిగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో అల్ఫాన్స్ ఉంది, చిన్న విమానంలో గంట ప్రయాణం. దాని పక్కనున్న సెయింట్ ఫ్రాంస్వా లాగూన్‌లో బోన్‌ఫిష్, ట్రిగ్గర్, పర్మిట్, పాలబొంత, జీటీ అన్నీ ఉన్నాయి. ఒకే రోజున పొద్దున బోన్‌ఫిష్‌కు నడిచి, నీరు వెనక్కు తీసే వేళ లాగూన్ బయట పాలబొంతకు బోటులో వెళ్లి, పోటు ఎక్కేటప్పుడు జీటీ కోసం నిలబడగల చోటు ప్రపంచంలో ఎక్కువ లేవు.

ఇంకా దూరాన, మాహేకు సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, అస్టోవ్, కాస్మొలీడో అటాల్‌లు ఉన్నాయి. అస్టోవ్‌లో విమానం దిగి, కాస్మొలీడోకు బోటులో వెళ్తారు. కాస్మొలీడో పేరు జీటీ కోసమే మోగింది. సోమాలీ సముద్రపు దొంగల భయంతో 2009 తరువాత కొన్నేళ్లు ఈ వైపు యాత్రలు ఆగిపోయాయి. ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాయి. కాస్మొలీడోకు 12వ నంబరు రాడ్‌ను రోజంతా ఊపగల భుజం, పగడపు రాళ్ల మీద నడవగల మోకాళ్లు ఉన్నవారే వెళ్లాలి. డబ్బు ఉన్నంత మాత్రాన ఆ రెండూ రావు.

భారతీయులకు సీషెల్స్‌లో ముందస్తు వీసా అవసరం లేదు, కానీ బయలుదేరేముందే ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ముంబై నుంచి మాహేకు నేరు విమానాలు నడుస్తాయి కాబట్టి మన డెల్టా నుంచి చూస్తే కిరిటిమాటి కంటే ఇది ఎంతో దగ్గర. అసలు అడ్డంకి ఖర్చు. బయటి అటాల్‌లలో ఒక వారానికి, అంతర్జాతీయ విమానం కాకుండానే, పది వేల డాలర్లకు చేరువగానో అంతకు పైబడో అవుతుంది. కిరిటిమాటి వారం దానిలో సగం కంటే తక్కువకు తేలుతుంది. పైగా ఒక్కో అటాల్ మీద వేటగాళ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది; ఆటుపోట్లు అనుకూలించే వారాలను గత ఏడాది వచ్చినవారే మళ్లీ పట్టుకుంటారు. ఏడాది, ఏడాదిన్నర ముందు అడిగితే గాని తేదీ దొరకదు. సీజన్ ఇంచుమించు అక్టోబరు నుంచి మే వరకు. నడి ఏడాదిలో ఆగ్నేయపు గాలులు బలంగా వీస్తాయి.

మాల్దీవులు, అండమాన్, మిగిలినవి

మాల్దీవులను నేను ఫ్లై వేటకు రెండో వరుసలో పెడతాను. కుటుంబ యాత్రకు మొదటి వరుసలో పెడతాను. బెంగళూరు, కొచ్చిల నుంచి మాలేకు నేరు విమానాలు ఉన్నాయి, వీసా దిగిన చోటే ఉచితంగా ఇస్తారు. పిల్లలు పగడాల మీద ఈదుతుంటే, తండ్రి పొద్దున్నే రెండు గంటలు దీవి అంచున బ్లూఫిన్ ట్రెవలీ కోసమో ట్రిగ్గర్ కోసమో నడవవచ్చు. జీటీ కూడా ఉంది. బోన్‌ఫిష్ కొన్ని చోట్ల ఉన్నా దానినే నమ్ముకుని వెళ్లకూడదు. చాలా రిసార్టులు తమ దీవి చుట్టూ ఉన్న పగడాల దగ్గర వేటను ఒప్పుకోవు. ముందుగా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఊరి దీవుల్లోని గెస్ట్‌హౌస్‌లు చవక, బోటువాళ్లకు చేపల జాడ తెలుసు. కాకపోతే అక్కడ మద్యం నిషిద్ధం, బట్టల విషయంలో ఊరి మర్యాద పాటించాలి. సొర చేపల వేటను ఆ దేశం 2010లో నిషేధించింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం తేటగా ఉంటుంది.

అండమాన్‌కు పాస్‌పోర్ట్ అక్కరలేదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. భోజనం, భాష విషయంలో ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. అక్కడ జరిగేది ప్రధానంగా బోటు వేట. పగడపు అంచుల మీద జీటీ కోసం, నీటిపై చప్పుడు చేసే పాపర్ ఎరలు విసిరేవారే ఎక్కువ. వారి బోటు మీద 12వ నంబరు ఫ్లై రాడ్‌తో నిలబడవచ్చు. నీటిలో నడిచే వేట కోసం మాత్రం అండమాన్‌కు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. మడ అడవుల పాయల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, మనుషుల మీద దాడులు జరిగాయి. కోరింగ పాయల్లో నడిచిన ధైర్యంతో అక్కడ దిగకూడదు. వండూరులోని మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో వేట నిషిద్ధం. గిరిజనుల రక్షిత ప్రాంతాల దరిదాపులకు బోటు పోకూడదు. అనుమతి కాగితాలు చూపించని బోటు యజమానికి బయానా ఇవ్వవద్దు.

లక్షద్వీప్ లాగూన్లు చూడముచ్చటగా ఉంటాయి, ప్రవేశానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఫ్లై వేట నేర్చిన గైడ్లను నమ్ముకుని వెళ్లదగిన చోటుగా దానిని చెప్పలేను. మారిషస్‌కు ఈశాన్యంగా 400 కిలోమీటర్లకు పైగా దూరంలోని సెయింట్ బ్రాండన్ పెద్ద బోన్‌ఫిష్‌కు, పర్మిట్ చేపకు పేరుబడింది. అక్కడకు ఓడలో ఒక రోజుకు పైగా పడుతుంది. అది మూడో, నాలుగో యాత్రకు ఉంచుకోవలసిన చోటు.

తిథి చూసి తేదీ

మన తీరపు వేటగాళ్లకు ఆటుపోట్ల సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కి, పాటు బాగా తీస్తుంది. అష్టమి దగ్గర నీళ్లు మందంగా కదులుతాయి. ఓడలరేవు మొగలో వల వేసే లెక్కే కాస్మొలీడోలోనూ చెల్లుతుంది, ఎందుకంటే రెండూ ఒకే చంద్రుడి కింద ఉన్నాయి. తేడా మోతాదులో ఉంది: సీషెల్స్‌లోని అల్దాబ్రా, కాస్మొలీడో అటాల్‌ల వైపు పెద్ద పోటులో నీటిమట్టం మూడు మీటర్ల దాకా మారుతుంది. అంత నీరు లాగూన్‌లోకి దూకుతున్నప్పుడు జీటీ దానితో పాటు మేటల మీదికి వస్తుంది. కాబట్టి జీటీ కోసం వెళ్లేవారు అమావాస్యో పౌర్ణమో నడుమ పడే వారాన్ని ఎంచుకోవాలి. బోన్‌ఫిష్ కోసం వెళ్లేవారికి అష్టమి చుట్టూ ఉన్న వారం మేలు. నీరు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, చేప మేట మీద ఎక్కువసేపు నిలుస్తుంది, మనకు నడిచే తీరిక ఉంటుంది.

మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర పోట్లు ఏడాదిలోకెల్లా పెద్దవి. ఉగాది ముందు వచ్చే అమావాస్య సుమారుగా ఆ రోజుల్లోనే పడుతుంది. వ్యవసాయపు లెక్క కూడా దీనికి అనుకూలిస్తుంది: సార్వా కోత అయిపోయి, సంక్రాంతి దాటి, దాళ్వా నాట్లు పడ్డాక ఏప్రిల్ కోత వచ్చేదాకా ఇల్లు వదలడానికి వీలు దొరుకుతుంది. అది సీషెల్స్‌కూ, మాల్దీవులకూ, అండమాన్‌కూ సీజనే. పంచాంగం దగ్గర పెట్టుకుని వారం గుర్తించి, ఆ తరువాత ఆ అటాల్ టైడ్ టేబుల్‌తో సరిచూసుకోండి. పెద్ద పోటు మధ్యాహ్నం వస్తుందా, చీకట్లో వస్తుందా అన్నది పంచాంగం చెప్పదు.

ఇంటి దగ్గర చేయవలసిన పని

వెళ్లేముందు కనీసం ఒక కాలం ఇక్కడే విసరడం నేర్చుకోవాలి. కొక్కెం తీసేసి, చివర ఎర్ర ఉన్ని పోగు కట్టి, అంతర్వేది ఇసుకలో మధ్యాహ్నపు సముద్రపు గాలికి ఎదురుగా విసరడం మంచి సాధన. పొలం గట్టున ఒక చాటను పెట్టి, 15 మీటర్ల దూరం నుంచి అందులో పడేలా వేయడం రెండో సాధన. రొయ్యల చెరువు గట్ల మీద మాత్రం సాధన చేయవద్దు. ఏరేటర్లకు వెళ్లే కరెంటు తీగలు తల మీదుగా వేలాడుతుంటాయి. ఫ్లై రాడ్లు కార్బన్‌తో చేసినవి, కార్బన్‌లో విద్యుత్తు పారుతుంది. రాడ్ కొన తీగకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఉరుములు మొదలైతే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లిపోవాలి.

నిజమైన చేప మీద సాధన కావాలంటే పండుగప్ప ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలో దీనినే బారముండి పేరిట ఫ్లై మీద పడతారు. మన పాయల్లో ఉన్నదీ అదే చేప. పాటు తీసేటప్పుడు చిన్న కాలువ పాయలో కలిసే చోట, కట్టెల పక్కన, చిన్న చేపలా కట్టిన క్లౌజర్ ఎరను వేసి చూడవచ్చు. కోరింగ అభయారణ్యం హద్దుల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి బోటు మాట్లాడుకునేవారు ఆ రోజులు చూసుకోవాలి.

సామానులో ఒక్క లైను విషయంలో జాగ్రత్త పడితే సగం ఇబ్బంది తీరుతుంది. చల్లని దేశాల కోసం చేసిన ఫ్లై లైను వేడికి మెత్తబడి, రాడ్ రింగుల్లో అతుక్కుని సాగదు. వేడి నీటి కోసం చేసినదే కొనాలి. నల్ల కళ్లద్దాల బదులు రాగి రంగు పోలరైజ్డ్ అద్దాలు ఇసుక మీది చేపను బాగా చూపిస్తాయి. గట్టి అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. టేకు చేపను తొక్కకుండా కాలు ఎత్తకుండా ఇసుకను రాసుకుంటూ నడవాలి. కొక్కేలు, ఎరలు విమానంలో చేతిసంచిలో పెట్టవద్దు.

పట్టిన చేపను తినడం గురించి ఒక మాట. ఈ దీవుల్లో ఎక్కువ చోట్ల ముల్లు లేని కొక్కెంతో పట్టి, నీటిలోనే విప్పి వదిలేయడం నియమం. పులుసు మీద మనసు ఉన్నవారికి ఇది వింతగా తోచవచ్చు. కానీ పగడాల దగ్గరి పెద్ద వేటచేపల్లో సిగ్వాటెరా అనే విషం పోగుపడే ప్రమాదం ఉంది. పగడాల నాచులోని సూక్ష్మజీవి నుంచి చిన్న చేపలకు, వాటి నుంచి పెద్ద వాటికి అది చేరుతుంది. ఎంత ఉడికించినా, వేయించినా పోదు. వాంతులు, పెదవులు తిమ్మిరెక్కడం, చల్లనిది వేడిగా తోచడం దాని లక్షణాలు. అక్కడి ఊరివారు ఏది తింటారో అదే, వారు వండినదే తినండి.

ఎవరికి ఏది

చేయి ఇప్పుడే కుదురుతున్నది, పన్నెండు రోజుల సెలవు ఉంది, నాలుగు విమానాలు మారే ఓపిక ఉంది అనుకునేవారు కిరిటిమాటికి వెళ్లండి. అంత ప్రయాణం పడనివారు మాల్దీవులతో సరిపెట్టుకోకుండా, మరో రెండేళ్లు కూడబెట్టి అల్ఫాన్స్‌లో అష్టమి వారం తీసుకోవడం మేలని నా అభిప్రాయం. ఇంటిల్లిపాదీ వస్తామంటే మాల్దీవులు, అందులోనూ గెస్ట్‌హౌస్ ఉన్న ఊరి దీవి. జీటీని ఎలాగైనా చూడాలి, ఖర్చు పెట్టలేము అనేవారు అండమాన్‌లో బోటు మాట్లాడుకోండి. కాస్మొలీడో గురించి, ఎదురుగాలిలో 12వ నంబరు రాడ్‌తో 20 మీటర్లు వరుసగా పదిసార్లు వేసిన తరువాతే ఆలోచించండి.

బయానా కట్టేముందు నిర్వాహకుల నుంచి కొన్ని జవాబులు రాతలో తీసుకోవాలి. ఒక్కో గైడ్‌కు ఎంతమంది వేటగాళ్లు? ఇద్దరికి మించితే వద్దు. లైసెన్సు రుసుము, లోపలి విమానం ఖర్చు ధరలో కలిసి ఉన్నాయా? చిన్న విమానంలో సామాను బరువు ఎన్ని కిలోల వరకు ఒప్పుకుంటారు? వాతావరణం బాగులేక విమానం రాకపోతే పోయిన రోజులకు డబ్బు తిరిగి ఇస్తారా, వచ్చే ఏడాదికి మారుస్తారా? అటాల్‌లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి తరలించడానికి ఎంతసేపు పడుతుంది, ఆ ఖర్చు భరించే బీమా ఏది? విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఇక్కడి ఏజెంటు ముందుగా వసూలు చేసే పన్నుకు (టీసీఎస్) రసీదు ఇస్తాడా అని కూడా అడగండి. ఆదాయపు పన్ను రిటర్నులో దానిని సర్దుకోవచ్చు.